గ్రాములో ఇరవై వేలవ వంతు
స్త్రీల హార్మోన్ పూత మందులు: అంకెలు చెప్పే సంగతులు

హైదరాబాద్‌లోని బేగం బజార్ తూకాల బజారు. ఇక్కడ ఎండుమిర్చి క్వింటాళ్ళ లెక్కన దిగుతుంది. జీలకర్ర కిలోల్లో కదులుతుంది. జీడిపప్పు పావుకిలో పొట్లాల్లో ఇళ్ళకు చేరుతుంది. అన్నిటికన్నా చిన్న తూకం కుంకుమపువ్వుది: అరచేతిలో ఇమిడిపోయే డబ్బీలో ఒక్క గ్రాము.

ఆ డబ్బీలో కుంకుమపువ్వుకు బదులు ఈస్ట్రడయాల్ అనే హార్మోన్ ఉందనుకుందాం. నెలసరి ఆగిపోయి, ఒంట్లోంచి సెగలు ఎగదన్నుతూ నిద్ర పట్టని స్త్రీకి డాక్టర్లు చర్మం మీద అంటించుకునే పట్టీ రాస్తారు. ఎక్కువగా వాడే రకం రోజుకు ఒంట్లోకి వదిలేది 50 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో ఇరవై వేలవ వంతు. ఆ లెక్కన మన గ్రాము డబ్బీ 20,000 రోజులొస్తుంది. 54 ఏళ్ళ పైచిలుకు! ఒక స్త్రీకి పెద్దమనిషైన నాటి నుంచి ముసలితనం దాకా సరిపోయే కాలమది.

నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలంలో వెలిసింది కాబట్టి ఈ బజారుకు ఆ పేరు. ఇప్పుడిక్కడ కిరాణాతో పాటు ఫ్యాన్సీ సామాను, ముఖానికి రాసుకునే క్రీములు కూడా హోల్‌సేల్‌గా దొరుకుతాయి. ఒకవైపు కాస్త నడిస్తే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి. మరోవైపు కోఠీలో వరసగా మందుల దుకాణాలు. ‘క్రీము’ అనే ఒకే మాట ఈ రెండు లోకాల్లోనూ తిరుగుతుంది. కానీ ముఖం మెరవాలని రాసుకునేది ఒకటి, రక్తంలో కలిసి గర్భసంచినీ ఎముకనూ మెదడునూ పలకరించేది ఇంకొకటి. రెండోదాన్ని కూడా మొదటిదానిలాగే ‘పూతే కదా’ అనుకోవడం వల్ల మన ఆడవాళ్ళు రెండు రకాలుగా నష్టపోతున్నారు. అక్కర్లేనివాళ్ళు తెలియక రాసుకుంటున్నారు. అవసరమైనవాళ్ళకు అలాంటి మందు ఉందని చెప్పేవాళ్ళే లేరు. ఏది ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది అంకెల సాయంతో చూద్దాం.

46: ఆగిపోయే వయసు

మన దేశంలో స్త్రీలకు నెలసరి ఆగిపోయే సగటు వయసు సుమారు 46 ఏళ్ళు. పాశ్చాత్య దేశాల్లో అది 51. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఆగిపోయినట్టు లెక్క. అంతకు ముందు కొన్నేళ్ళు వస్తూ పోతూ, ఎక్కువవుతూ తక్కువవుతూ సతాయిస్తుంది.

వయసులో ఉన్నప్పుడు ఒక మిల్లీలీటరు రక్తంలో ఈస్ట్రడయాల్ సుమారు 30 నుంచి 400 పికోగ్రాముల మధ్య ఎక్కి దిగుతూ ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. బడ్జెట్ వార్తల్లో తప్ప మనం వాడని అంకె అది. నెలసరి ఆగాక ఆ మట్టం సాధారణంగా 30 పికోగ్రాముల లోపుకు పడిపోతుంది. అంత చిన్న మార్పుకే మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం తడబడుతుంది. ఉన్నట్టుండి ఛాతీ నుంచి ముఖం దాకా మంట పాకుతుంది, చెమటలు కారిపోతాయి, గుండె దడదడలాడుతుంది, ఆ వెంటనే చలి పుడుతుంది.

ఇది నాలుగు రోజుల ముచ్చట కాదు. 1,449 మంది స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి 2015లో వెలువరించిన అమెరికా అధ్యయనంలో ఈ సెగల మధ్యస్థ కాలం 7.4 ఏళ్ళని తేలింది. అంటే ఏడు హైదరాబాద్ వేసవులు. మే నెలలో ఇరుకు వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డ ఆమెకు ఆ వేడి ఎండదో, పొయ్యిదో, ఒంటిదో తేల్చుకోవడం కూడా కష్టమే. ‘వయసు మీద పడింది, ఓర్చుకో’ అని సలహా ఇచ్చేవాళ్ళు ఆ 7.4 అనే అంకెను ఒక్కసారి తలుచుకోవాలి.

34: తీసేసే వయసు

మన రెండు తెలుగు రాష్ట్రాల అసలు కథ ఈ అంకెలో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఆ ఆపరేషన్ నాటి మధ్యస్థ వయసు దేశవ్యాప్తంగా 34 ఏళ్ళ చిల్లర. పది ఆపరేషన్లలో సుమారు ఏడు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. చదువు తక్కువున్న స్త్రీలలోనే ఎక్కువ.

గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే, 46లో మెల్లగా రావాల్సిన మార్పు 34లో రాత్రికి రాత్రి వచ్చిపడుతుంది. 12 ఏళ్ళ హార్మోన్ ఒక్కసారిగా పోతుంది. అండాశయాలను ఉంచినా అవి మామూలుకన్నా ముందే పని మానేసే అవకాశం ఎక్కువ. సెగలు కళ్ళకు కనిపిస్తాయి కానీ, లోలోపల ఎముక గుల్లబారడం, గుండెకు రక్షణ తగ్గడం కనిపించవు. అందుకే 45 ఏళ్ళ లోపు అండాశయాలు పోయినవారికి, వాడకూడని కారణమేదీ లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు దాకానైనా హార్మోన్ ఇవ్వాలని ప్రపంచవ్యాప్తంగా వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. ఇది అందం కోసమో, వయసు దాచుకోవడం కోసమో ఇచ్చే మందు కాదు. ఒంట్లోంచి తీసేసిన దాన్ని తిరిగి సర్దడం.

ఆపరేషన్ చేసి కుట్లు విప్పి ఇంటికి పంపేటప్పుడు ఈ సంగతి ఎంతమందికి చెబుతున్నారన్నదే నా ఆవేదన. అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇకముందు జరగబోయే ఆపరేషన్లకు అది అడ్డుకట్ట. ఇప్పటికే జరిగిపోయినవారి కోసం మాట్లాడేవాళ్ళు ఇంకా కావాలి.

272: చర్మం దాటగలిగే బరువు

రాసుకుంటే హార్మోన్ లోపలికి ఎలా వెళుతుంది? మన చర్మం పై పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లే. తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చన. అయినా అది గట్టి కాపలాదారు. 2000లో యాన్ బోస్, మార్కస్ మైనార్డి అనే పరిశోధకులు ఒక సులువైన కొలత చెప్పారు: అణువు బరువు 500 డాల్టన్లు దాటితే ఆరోగ్యంగా ఉన్న చర్మం దాన్ని లోపలికి రానివ్వదు.

ఈస్ట్రడయాల్ బరువు 272. టెస్టోస్టెరాన్ 288. ప్రొజెస్టెరాన్ 314. మూడూ కొవ్వులో కరిగేవే, మూడూ గేటు దాటగలవు. ఇన్సులిన్ 5,800 డాల్టన్లు, కాబట్టి దానికి సూది తప్పదు. థైరాయిడ్ మాత్రలో ఉండే థైరాక్సిన్ 777. అందుకే థైరాయిడ్ లోపానికి పొద్దున్నే పరగడుపున మాత్ర మింగాల్సిందే, రాసుకునే మందు లేదు. ‘ఆడవాళ్ళ హార్మోన్ సమస్యలన్నిటికీ ఒకే క్రీము’ అని ఎవరైనా అంటే ఈ ఒక్క లెక్క చాలు, అది నిజం కాదని చెప్పడానికి.

5: కాలేయం వదిలిపెట్టే వాటా

మాత్ర సులువే కదా, చర్మం దారి ఎందుకు? ఈస్ట్రడయాల్ మాత్ర మింగితే అది పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళుతుంది. అక్కడ చాలా భాగం మారిపోయి, ఈస్ట్రడయాల్‌గా రక్తంలోకి చేరేది ఇంచుమించు 5 శాతమే. అందుకే మాత్రలో మిల్లీగ్రాములు పెట్టాల్సి వస్తుంది, పట్టీలో మైక్రోగ్రాములు సరిపోతాయి.

వృథా ఒక్కటే అయితే పరవాలేదు. కాలేయం మీద ఒక్కసారిగా పడ్డ ఆ హార్మోన్, రక్తం గడ్డకట్టించే పదార్థాల తయారీని పెంచుతుంది. బ్రిటన్‌లో రక్తపు గడ్డలు ఏర్పడిన 80,396 మంది స్త్రీల రికార్డులను పరిశీలించి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువరించిన అధ్యయనం ఈ తేడాను తేల్చింది. హార్మోన్ మాత్రలు మింగేవారిలో గడ్డల ముప్పు, వాడనివారి కన్నా 58 శాతం ఎక్కువ. పట్టీ, జెల్ వాడేవారిలో ఆ పెరుగుదల లేదు.

బీపీ, షుగర్, ఊబకాయం ఉన్నవారికి ఈ తేడా చాలా ముఖ్యం. పొద్దుటి నుంచి రాత్రి దాకా కొట్లో గల్లా పెట్టె ముందు కూర్చునే స్త్రీకి, కదలిక తక్కువైన స్త్రీకి డాక్టరు మాత్ర బదులు జెల్ రాశారంటే, అది ఖరీదైనది అంటగట్టడం కాకపోవచ్చు. ‘నాకు రాసుకునేది కుదురుతుందా?’ అని ఆమే అడగవచ్చు కూడా.

0.75: ఒక నొక్కు లెక్క

ఈస్ట్రడయాల్ జెల్ గాఢత సాధారణంగా 0.06 శాతం. పంపు ఒకసారి నొక్కితే 1.25 గ్రాముల జెల్ వస్తుంది, అందులో హార్మోన్ 0.75 మిల్లీగ్రాములు. రెండు నొక్కులైతే 1.5 మిల్లీగ్రాములు. అందులో కొంచెమే రక్తంలోకి చేరుతుంది కాబట్టి, రెండు నొక్కుల జెల్‌ను 50 మైక్రోగ్రాముల పట్టీకి ఇంచుమించు సమానంగా డాక్టర్లు లెక్కవేస్తారు. 80 గ్రాముల సీసాలో 64 నొక్కులుంటాయి. రోజుకు రెండు చొప్పున 32 రోజులు. మీ సీసా ఇరవై రోజులకే అయిపోతోందంటే ఎక్కువ రాస్తున్నారన్న మాట. రెండు నెలలైనా అవ్వలేదంటే మరచిపోతున్నారన్న మాట. సీసా మీద మొదలుపెట్టిన తేదీ రాసుకుంటే లెక్క దానంతట అదే తేలుతుంది.

రాసే పద్ధతీ మోతాదులో భాగమే. భుజం నుంచి మణికట్టు దాకానో, తొడ లోపలి వైపో, శుభ్రమైన పొడి చర్మం మీద పల్చగా పరవాలి. నొప్పికి బామ్ రాసినట్టు మర్దన చేయకూడదు. రొమ్ముల మీద, ముఖం మీద రాయకూడదు. ఐదు నిమిషాలు ఆరనిచ్చి బట్ట కప్పాలి, ఒక గంట దాకా కడగకూడదు, చేతులు మాత్రం వెంటనే సబ్బుతో కడుక్కోవాలి.

ఆ చివరి మాట పసిపిల్లలున్న ఇళ్ళ కోసం. బజారు వీధుల్లో కింద కొట్టు, పైన కాపురం. మూడు తరాలు ఒకే కప్పు కింద ఉంటాయి. నానమ్మ చేతి మీది జెల్ ఒళ్ళోని మనవరాలి చర్మానికి అంటుకుంటే, ఆ పాపకు వయసు రాకుండానే రొమ్ములు ఉబ్బడం మొదలుకావచ్చు. ఈస్ట్రడయాల్ స్ప్రే రాసుకున్న పెద్దల నుంచి పిల్లలకు ఇలా సోకడం మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2010లోనే హెచ్చరిక ఇచ్చింది. రాసిన చోట నిండు చేతుల జాకెట్టో, చీర కొంగో కప్పి ఉంచితే ఆ ప్రమాదం దాదాపు తప్పుతుంది.

62: గర్భసంచి ఉన్నవారు మరచిపోకూడని అంకె

ఈస్ట్రడయాల్ వంటి ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపొర పెరుగుతూ పోతుంది. 1990లలో అమెరికాలో జరిగిన పెపీ అనే అధ్యయనంలో గర్భసంచి ఉన్న స్త్రీలకు మూడేళ్ళు ఒట్టి ఈస్ట్రోజన్ ఇచ్చారు. 62 శాతం మందిలో లోపొర అతిగా పెరిగింది. మందు లేని ఉత్తి మాత్రలు వేసుకున్నవారిలో అలా జరిగింది 2 శాతానికే. ఆ పెరుగుదల కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది.

దీనికి విరుగుడు ప్రొజెస్టెరాన్. నెలకు 12 రోజులు 200 మిల్లీగ్రాముల చొప్పునో, రోజూ 100 మిల్లీగ్రాముల చొప్పునో మాత్రగా ఇస్తారు. లేదంటే గర్భసంచిలో హార్మోన్ పరికరం అమరుస్తారు. చర్మం మీద రాసే ప్రొజెస్టెరాన్ క్రీములు కొన్ని ‘సహజమైనవి’ అన్న పేరుతో దేశదేశాల్లో అమ్ముడవుతున్నాయి. ఆ అణువు చర్మం దాటుతుంది నిజమే. కానీ గర్భసంచి లోపొరను కాపాడేంతగా రక్తంలో చేరుతుందని నిరూపణ కాలేదు. అందుకే వాటిని నమ్ముకుని ఈస్ట్రోజన్ వాడవద్దని నిపుణుల సంఘాలు గట్టిగా చెబుతున్నాయి.

గర్భసంచి తీసేయించుకున్నవారికి మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. కనుక డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆపరేషన్ కాగితం వెంట ఉండాలి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడానా అన్నది అందులోనే ఉంటుంది. తమ ఒంట్లో ఏది ఉందో, ఏది లేదో తెలియని స్త్రీలు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. ఆ కాగితం పుస్తెలతాడంత భద్రంగా దాచుకోవాల్సిన వస్తువు.

30 సార్లు: చెప్పుకోలేని బాధకు చిన్న ట్యూబు

సెగలు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతాయి. యోని పొడిబారడం, మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్లు అలా తగ్గవు, పెరుగుతాయి. నెలసరి ఆగినవారిలో ఇంచుమించు సగం మందికి ఈ బాధ ఏదో ఒక రూపంలో ఉంటుంది. మొగుడికి చెప్పలేరు, కూతురికి చెప్పలేరు. మూత్రంలో మంటంటే బార్లీ నీళ్ళు తాగి, దుకాణంలో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకుంటారు. మళ్ళీ నెలకు అదే కథ.

దీనికి అచ్చంగా పూత మందు ఉంది. ఈస్ట్రియాల్ 0.1 శాతం క్రీము. ఒక్కో మోతాదుకు అర గ్రాము క్రీము, అందులో హార్మోన్ అర మిల్లీగ్రాము. మొదట రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. 15 గ్రాముల ట్యూబులో 30 మోతాదులు. మొదటి 14 రోజులకు 14 పోగా, మిగిలిన 16 ఎనిమిది వారాలొస్తాయి. మొత్తం పది వారాలు. రక్తంలోకి వెళ్ళేది అతి తక్కువ కాబట్టి దీనికి తోడు ప్రొజెస్టెరాన్ సాధారణంగా అవసరం లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు మాత్రం క్యాన్సర్ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

స్త్రీల హార్మోన్ మందులన్నిటిలో ఇంత తక్కువ ముప్పుతో ఇంత ఊరటనిచ్చేది మరొకటి లేదనిపిస్తుంది. అడగడానికి సిగ్గుపడటం వల్ల అందకుండా పోతున్నదీ ఇదే.

20: గర్భసంచిలోపలే పనిచేసే హార్మోన్

ఆ 34 ఏళ్ళ ఆపరేషన్ల దగ్గరికి మళ్ళీ వెళదాం. సర్వేలో స్త్రీలు చెప్పిన కారణాల్లో సగానికి పైగా ఒకటే: నెలసరిలో విపరీతమైన రక్తస్రావం. దీనికి లెవొనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ నింపిన చిన్న పరికరం ఉంది. అగ్గిపుల్ల కన్నా పొట్టిది. అందులో హార్మోన్ 52 మిల్లీగ్రాములు. మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాముల చొప్పున గర్భసంచి లోపొర మీదే వదులుతుంది. ఒక విధంగా ఇదీ పూత మందే, పూసేది లోగోడకు. రక్తస్రావాన్ని 70 నుంచి 95 శాతం దాకా తగ్గిస్తుంది. కనీసం ఐదేళ్ళు పనిచేస్తుంది. వద్దనుకుంటే తీసేయవచ్చు. తీసేసిన గర్భసంచిని మాత్రం తిరిగి పెట్టలేం.

అందరికీ సరిపడదు. మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించి విసిగిస్తుంది. గర్భసంచిలో పెద్ద కణితులున్నా, క్యాన్సర్ అనుమానమున్నా దారి వేరు. కానీ రక్తం ఎక్కువ పోతోందని వెళ్ళిన ముప్పై నాలుగేళ్ళ స్త్రీకి ఆపరేషన్ తేదీ ఇచ్చేముందు ఈ 20 మైక్రోగ్రాముల మాట చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆమే అడగాలి.

10,000లో ఎందరు: భయానికీ ఒక కొలత

హార్మోన్ అనగానే క్యాన్సర్ అనే భయానికి ఒక తేదీ ఉంది: 2002 జులై. అమెరికాలో 16,608 మంది స్త్రీల మీద సాగుతున్న పరీక్షను ఆ నెలలో మధ్యలో ఆపేశారు. హార్మోన్ మాత్రలు వేసుకున్న 10,000 మందిలో ఏడాదికి రొమ్ము క్యాన్సర్ 8 మందికి, పక్షవాతం 8 మందికి, గుండె జబ్బు 7 మందికి అదనంగా వచ్చింది. తుంటి ఎముక విరగడం 5, పెద్దపేగు క్యాన్సర్ 6 తగ్గాయి. ఆ స్త్రీల సగటు వయసు 63 అనీ, వాళ్ళు వాడింది మాత్రలనీ, అవీ ఇప్పుడు జెల్‌లో వాడే హార్మోన్లు కావనీ ఆనాటి పతాక శీర్షికలు చెప్పలేదు. గర్భసంచి లేని 10,739 మందికి ఒట్టి ఈస్ట్రోజన్ ఇచ్చిన రెండో భాగం 2004లో ముగిసింది. అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు.

అలాగని ముప్పు సున్నా కాదు. 2019లో లాన్సెట్ పత్రిక వెలువరించిన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం, 50వ ఏట మొదలుపెట్టి ఐదేళ్ళు వాడితే, తర్వాతి కాలాన్నీ కలుపుకుని 69 ఏళ్ళ లోపు, ఈస్ట్రోజన్‌తో రోజూ ప్రొజెస్టెరాన్ తరహా మందు వాడిన ప్రతి 50 మందిలో ఒకరికి అదనంగా రొమ్ము క్యాన్సర్ రావచ్చు. ఒట్టి ఈస్ట్రోజన్ అయితే ప్రతి 200 మందిలో ఒకరికి. చర్మం దారి గడ్డల ముప్పును తప్పిస్తుంది కానీ ఈ ముప్పును తప్పించదు. యోనిలో రాసే క్రీముతో మాత్రం ఆ పెరుగుదల కనిపించలేదు.

2025 నవంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మందుల వివరాల కాగితం మీద నల్ల పెట్టెలో వేసే తీవ్ర హెచ్చరికలను చాలావరకు తొలగిస్తున్నట్టు ప్రకటించింది. గర్భసంచి లోపొర క్యాన్సర్ గురించిన హెచ్చరికను మాత్రం ఒట్టి ఈస్ట్రోజన్ మందుల మీద ఉంచింది. మొత్తం మీద 60 ఏళ్ళ లోపు, లేదా నెలసరి ఆగిన 10 ఏళ్ళ లోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు నష్టం కన్నా లాభమే ఎక్కువన్నది ఇప్పటి వైద్య అవగాహన. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు, కాలేయ జబ్బు ముదిరినవారు, కారణం తెలియకుండా రక్తం కనిపిస్తున్నవారు దీనికి దూరంగా ఉండాలి. నెలసరి ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా పరీక్ష చేయించుకోవాలి. మందు వాడుతున్నా, వాడకపోయినా.

19.6: పీసీఓఎస్‌కు పూత లేదు

పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ ఆడపిల్లలకు ‘హార్మోన్ ఇంబ్యాలెన్స్’ అంటే ముందు వినిపించే పేరు పీసీఓఎస్. మన దేశంలో 18–40 ఏళ్ళ 9,824 మందిని పరీక్షించి 2024లో వెలువరించిన అధ్యయనంలో ఒక కొలత ప్రకారం 7.2 శాతం, మరో కొలత ప్రకారం 13.6 శాతం, ఇంకో కొలత ప్రకారం 19.6 శాతం మందికి ఈ సమస్య ఉన్నట్టు తేలింది. ఐదుగురిలో ఒకరన్నది పై హద్దు. కొలత మారితే అంకె మారుతుంది కాబట్టి, ఒక్క స్కాన్ చూసి బెంబేలు పడనక్కర్లేదు.

ఇది పైన చెప్పుకున్న దానికి భిన్నమైన సమస్య. ఇక్కడ పురుష హార్మోన్ల పాలు ఎక్కువ, ఇన్సులిన్ పనితనం తక్కువ. అమ్మకు రాసిన ఈస్ట్రడయాల్ జెల్ కూతురికి పనికిరాదు. దీనికి బరువు తగ్గడం, నడక, డాక్టరు రాసే మాత్రలే దారి. గడ్డం మీద అవాంఛిత రోమాలకు ఎఫ్లార్నిథిన్ అనే 13.9 శాతం క్రీము ఉంది. అది హార్మోన్ కాదు, వెంట్రుక పెరుగుదలను మందగింపజేసే మందు. రోజుకు రెండుసార్లు రాయాలి. ఫలితం కనిపించడానికి సుమారు 8 వారాలు పడుతుంది. మానేస్తే మళ్ళీ వస్తాయి. ఇంతకు మించి ‘హార్మోన్లను సరిచేసే పూత’ అని అమ్మజూపేదాన్ని నమ్మి డబ్బూ ఏళ్ళూ పోగొట్టుకోవద్దని ఆడపిల్లలకు చేతులు జోడించి చెప్పాలనిపిస్తుంది.

433: ముఖానికి రాసుకున్న హార్మోన్

హార్మోన్ పూత వాడుతున్నామన్న సంగతే తెలియకుండా వాడేవాళ్ళ అంకె ఇది. తెల్లబడాలని, మంగు పోవాలని ముఖానికి రాసే కొన్ని క్రీముల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటివి ఉంటాయి. అవి స్టెరాయిడ్లు. మన అడ్రినల్ గ్రంథి తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్‌కు చుట్టాలు. 2011లో వెలువడిన, 12 కేంద్రాల్లో జరిగిన భారతీయ అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది, అంటే 14.8 శాతం, వాటిని వాడుతున్నట్టు తేలింది. మొదట ముఖం మెరుస్తుంది. తర్వాత పల్చబడుతుంది, ఎర్రబారుతుంది, మొటిమలు తేలతాయి, రోమాలు మొలుస్తాయి. మానేస్తే మంట, అందుకని మళ్ళీ రాస్తారు.

ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ల పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో కట్టడి చేసింది. కొనేముందు ట్యూబు వెనక్కి తిప్పి చూడండి. ఈ పేర్లలో ఏదైనా కనిపిస్తే, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటే, అది అలంకరణ సామగ్రి కాదు, మందు. అందులో ఏముందో అసలు రాయకపోతే అది ఇంకా ప్రమాదం. మందు వికటించిందనుకుంటే 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం నంబరు అది.

మూడు అంకెలు, ఒక ప్రశ్న

హార్మోన్ పూత రాసి ఇచ్చిన డాక్టరును మూడు అంకెలు అడగండి. గాఢత ఎంత? ఒకసారికి ఎన్ని గ్రాములు, లేదా ఎన్ని నొక్కులు? ఎన్నాళ్ళు? వాటిని మందుల చీటీ మీదే రాయించుకోండి. వాటితో పాటు ఒక ప్రశ్న: నాకు గర్భసంచి ఉందా లేదా అన్నది చూసే ఈ మందు రాశారా? ఈ నాలుగింటికీ జవాబు ఉంటే అది వైద్యం. లేకపోతే అది కేవలం క్రీము.

బజారుకు ఆనుకునే ఉన్న గోషామహల్ పోలీస్ స్టేడియంలో 2025 జనవరి 31న కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 2,000 పడకల ఆసుపత్రి. అందులో నడివయసు స్త్రీల కోసం ఒక గది, వారానికి ఒక రోజైనా తీరిగ్గా వినే ఒక డాక్టరు, చేతిలో పాత ఆపరేషన్ కాగితంతో వచ్చే తల్లికి ఆమె ఒంటి లెక్క తెలుగులోనో, ఉర్దూలోనో, మార్వాడీలోనో విడమరిచి చెప్పే ఒక నర్సు ఉండాలని నా కోరిక. పడకలు 2,000 అయినా, ఆ ఒక్క గదికి వరస కట్టేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నారు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఒక పాత అలవాటు. బేగం బజార్‌లో ఏ సరుకైనా కాటా ముల్లు చూడకుండా సంచిలో వేయించుకునే ఆడమనిషి లేదు. కందిపప్పు దగ్గర ఎంత అని అడిగే గొంతే, ఒంటికి రాసుకునే హార్మోన్ దగ్గరా అడగాలి. అక్కడ తూకం గ్రాములో ఇరవై వేలవ వంతు కాబట్టి, ఇంకాస్త గట్టిగా అడగాలి.